ఆఖరి వన్స్‌మోర్

ఏడుకొండలవాడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో చిత్తూరు నుంచి తిరుపతికి రైల్లో వెళ్తున్నాను. పెట్టెలో అందరూ కొత్తగా వచ్చిన పాటల సినిమా గురించే మాట్లాడుతున్నారు. అది ఒక నాటకాల గాయకుడి జీవితకథ. ఆఖరి నాటకంలో ఆయన గొంతు పోతుంది, జనం ఈలలేసి దింపేస్తారు.

“సినిమావోళ్లకేం తెలుసబ్బా! ఆ నాటకానికి నేను పోయింటిని. సీనులో సచ్చి పడుండే మనిషిని వన్స్‌మోర్ అని అరిసి లేపింది నేనే. లేసి పద్యం మళ్లా పాడి, మళ్లా సచ్చినాడు!” అన్నాను. అందరూ పగలబడి నవ్వారు.

ఎదురుగా కూర్చున్న ముసలామె నవ్వలేదు. “గొంతు పలికిందా నాయనా?” అంది.

“గంట మాదిరి పలికిందవ్వా!”

ఆమె నాకు చేతులు జోడించింది. “ఆయన నా మొగుడప్పా. ఆ ఈలల కత ఇన్నప్పట్నించీ నా కొడుకు నాయన పేరెత్తడు. తిరపతి టేసనుకొస్తాడు, ఈ మాట వానికి సెప్పు.”

తిరుపతిలో ఆ కొడుక్కి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అతని కళ్లు చెమర్చాయి.

ఒట్టు వేశాను గనుక చెప్పక తప్పదు. ఆ నాటకం లాగే ఆ కొడుకు ముఖం కూడా నేను చూడనే లేదు. చంద్రగిరిలో బండి ఆగగానే, “నీళ్లు తాగొస్తా, నా చోటు పోకుండా సూడవ్వా” అని దిగి, మళ్లీ ఎక్కలేదు.