మూడో గడి

నా చిన్నప్పుడు, భూములన్నీ పోయి పేరు మాత్రమే మిగిలిన రోజుల్లో, రాజోలు దగ్గర మా ఇంటి ముందుగదులు ఒక టీచరుగారికి అద్దెకిచ్చాం. వాళ్ళమ్మాయిదీ నా తరగతే. మా ముత్తాత వస్తుంటే ఊరు లేచి నిలబడేదట. ఆ పిల్ల ఇంగ్లీషు పాఠం అప్పజెబితే క్లాసంతా చప్పట్లు కొట్టేది. నాకు కడుపు మండిపోయేది. అమలాపురంలో ఇంగ్లీషు పోటీకి మా బడి నుంచి ఒక్కరినే పంపిస్తారు. ఆ ఒక్కరూ నేనే కావాలి. నాకేమో క్రియల మూడు రూపాలూ కలగాపులగం అయిపోయేవి.

సాయంత్రాలు టీచరుగారు మా వాకిట్లో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గడులు గీసేవారు. ఒంటికాలితో గెంతుతూ గడికో రూపం చెప్పాలి. మా నాయనమ్మ నన్ను వాళ్ళతో ఆడనిచ్చేది కాదు. నేనూ అడగలేదు. మెట్ల మీద నిటారుగా కూర్చుని, ఆ పిల్ల గెంతులు చూసి కుళ్ళుకునేదాన్ని.

ఒకరోజు ఆ పిల్లే అంది: "చూత్తా కూర్చుంటే వచ్చేత్తదేంటండీ దొరసానిగారూ?"

చివాలున లేచి దిగాను. మొదటి గడిలో గో అన్నాను, రెండో దాంట్లో వెంట్, మూడో దాంట్లో గాన్. టీచరుగారు "అవుట్" అన్నారు.

"సరిగ్గానే చెప్పాను కదండీ!"

"ఆయ్, చెప్పేవమ్మా. కానీ 'ఐ వెంట్' అంటే సరిపోద్ది, 'ఐ గాన్' అంటే సరిపోదు. గాన్ పక్కన హ్యావో, హ్యాడో తోడుండాలి. అందుకే ఆ గడిలో ఇంకోళ్ళ చెయ్యి పట్టుకోవాలి. ఇవాళ హ్యావ్ మా అమ్మాయే."

ఆ పిల్ల చెయ్యి చాపింది. అది పట్టుకోవడంకన్నా ఓడిపోవడమే నయమనిపించింది. లోపల్నుంచి నాయనమ్మ పిలుస్తోంది. అమలాపురం గుర్తొచ్చి, మళ్ళీ గెంతి, పట్టుకున్నాను. సుద్దపొడి అంటిన చెయ్యి. నేను తూలితే ఆ పిల్ల నవ్వలేదు, పట్టు ఇంకాస్త బిగించింది. ఆ మూడు రూపాలూ నేను మరి మరిచిపోలేదు.

పోటీకి చివరికి ఆ పిల్లే వెళ్ళింది. నేను ఆ పూట అన్నం ముట్టలేదు.

అసూయ పోయిందని చెప్పను. నాకు రానిది ఇంకొకరికి వస్తే ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. ఆ మంటతో మెట్ల మీదే కూర్చుండిపోకూడదని మాత్రం ఆ వాకిట్లో తెలిసింది. మొన్న పక్కింటి కోడలు ఫోనులో బస్సు టిక్కెట్టు చకచకా తీసుకుంటుంటే ఓర్వలేకపోయాను. తరవాత కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని, "మళ్ళీ చూపించమ్మా" అన్నాను.