వడపోత కాగితం మీద నేరేడు రంగు

కరెంటు పారే ప్లాస్టిక్ మీద పనిచేసిన ఒక అక్క రంగు చూసి మోసపోయిందని మా కాలేజీలో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆ పొద్దున ల్యాబ్‌లో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి ఆ మాట చెప్పవలసిందీ నేనే.

ఎనభైల చివర్లో, వరంగల్‌లో, పరిశోధనలో నేను ఆమెకు జూనియర్‌ని. పరకాల దగ్గరి వ్యవసాయ కుటుంబం ఆమెది. ఆ ప్లాస్టిక్‌ను, మా భాషలో పాలిమర్‌ను, తన చేత్తో తయారుచేసుకుంది. జైలీన్ అనే ద్రావకంలో వేసి వేడిచేస్తే నారింజ రంగు. చలికాలం, తెల్లవారేసరికి సీసాలో నేరేడుపండు రంగు. పాడైందని అందరూ అన్నారు.

"అక్కా, జర ఉప్పెయ్యి, తింటం," అని ఆటపట్టించేవాళ్లం.

"పాడైతె మల్ల వేడిజేస్తె నారింజ ఎట్లయితదిరా? సలికి అండ్ల ఉన్న అణువుల గొలుసులన్ని ఒకదాని పక్కన ఒకటి చేరుతానయ్. ఆరబెడితె గట్లనే వరుసగ పేర్చుకుంటయ్," అనేది.

ఆ వరుస ఉందో లేదో ఎక్స్‌రే యంత్రం చెప్పాలి. చార్టు మీద పెన్ను నిటారుగా లేస్తే ఉన్నట్టు. హైదరాబాద్ నుంచి కమిటీ వచ్చిన రోజే ఆ పరీక్ష. పెన్ను లేస్తే ఆమె ఫెలోషిప్ పొడిగిస్తారు, లేకపోతే అంతటితో సరి. కమిటీవాళ్లను తీసుకురమ్మని మా గైడ్ సార్ ఆమెను గెస్ట్‌హౌస్‌కు పంపారు. పోతూ పోతూ సీసా నా చేతికిచ్చింది.

"సల్లగనే ఉండనియ్యి. గాజు పలక మీద పోసి ఆరబెట్టు. పైలం తమ్మీ."

మా ల్యాబ్‌లో ఏ ద్రావణాన్నీ వడకట్టకుండా పలక మీద పోసేవాళ్లం కాదు. నలక పడితే పొర చెడిపోతుందని చేరిన రోజే నేర్పారు. అలవాటు కొద్దీ గరాటులో కాగితం మడిచిపెట్టి సీసా మొత్తం పోశాను. నేరేడు రంగంతా పైనే నిలిచిపోయి, కిందికి లేత నారింజ నీళ్లు దిగాయి. మురికి పోయిందనుకుని కాగితాన్ని చెత్తబుట్టలో వేసి, ఆ నీళ్లనే పలక మీద పోశాను.

ఆమె వచ్చి పలకను కిటికీ వెలుగుకు పట్టింది.

"గింత పలుచగున్నదేంది? వడకట్టినవా?"

అప్పుడు తెలిసింది. ఆమె చెప్పిన గొలుసుల గుంపులే కాగితం మీద ఆగిపోయాయి. వరండాలో బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

"లేదక్కా."

"నిజంగ?"

"నిజంగ."

చార్టు కదిలింది. పెన్ను ఒకచోట కొంచెం వణికింది, ఆమె ముందుకు వంగింది. అది మళ్లీ సాపుగా సాగిపోయింది, చివరిదాకా.

"రంగు జూసి మోసపోయినవమ్మా," అన్నారు సార్.

"ఇంకో పలక పోస్త సార్."

"సీసాల ఉన్నదా?"

ఆమె సీసా ఎత్తి చూసింది. ఖాళీ. నా వైపు చూసింది. నేను పెన్ను వైపు చూశాను.

అందరూ వెళ్లాక చెత్తబుట్టలో చూస్తే కాగితం ఆరిపోయి ఉంది. దాని మీది పొర రాగి చెంబులా మెరుస్తోంది. దాన్ని పెట్టి చూడటానికి యంత్రం ఇంకా వేడిగానే ఉంది. సార్ పక్కగదిలోనే ఉన్నారు. కాగితాన్ని ఉండచుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఆమె వెళ్లిపోయే రోజు బస్టాండుకు తోడు వెళ్లాను.

"ఆ రంగు నిజమే అనుకున్న తమ్మీ," అంది.

పరకాల బస్సు స్టార్టయింది. నేను ఆమె పెట్టెను పైకి అందించాను.