పసుపు గీత పక్కన తెల్ల గీత

2023 అక్టోబర్. ఖతార్‌లో మధ్యాహ్నం పూట కూడా మనిషి షెడ్డు బయట నిలబడగలిగే రోజులు అప్పుడే మొదలయ్యాయి. దోహాలో ఒక గరాజ్‌లో సస్పెన్షన్ మెకానిక్‌గా నాకది తొమ్మిదో ఏడు. సస్పెన్షన్ అంటే చక్రానికీ బండికీ మధ్య ఉండే ఆర్ములు, స్ప్రింగులు, బోల్టులు. మాది జగిత్యాల దగ్గర పల్లె. నేనుండేది దుబాయ్ కాదని మా అమ్మమ్మకు చెప్పడం ఎప్పుడో మానేశాను.

ఒకరోజు మా మేనేజర్ పిలిచి, ఇక ప్రతి శనివారం నా డ్యూటీ అల్ రయ్యాన్‌లో ఒక కస్టమర్ ఇంట్లో అన్నాడు. "వాళ్ళ నాన్న ఇంట్లో స్పోర్ట్స్ కారు కడుతున్నాడు" అని కూడా చెప్పాడు. కారు కొనడం తెలుసు, అమ్మడం తెలుసు. ఇల్లు కట్టినట్టు కారు కట్టడమేమిటో బుర్రకెక్కలేదు.

వెళ్ళి చూస్తే నిజమే. ఐదు చెక్కపెట్టెల నిండా కారు ముక్కలు. దీన్ని కిట్ కార్ అంటారు. ఛాసిస్, ఇంజిన్, రెండు సీట్లు, సంచుల కొద్దీ బోల్టులు, వీటన్నిటికీ కలిపి ఇటుకంత పుస్తకం పంపిస్తారు. పుస్తకం చూసుకుంటూ మనమే బిగించుకోవాలి. రోడ్డు మీదికి తేవడానికి కాదు, ఊరి బయట వాళ్ళకున్న తోటలో నడుపుకోవడానికే అని చెప్పారు.

కారు ఆ ఇంటి పెద్దాయనది. అందరూ ఆయన్ని బాబా అనేవారు. మెసయీద్‌లో ఫ్యాక్టరీ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. కుడి చెయ్యి వణికేది. గావా, అంటే అరబ్బుల కాఫీ, కప్పులో అందిస్తే సగం సాసర్లో పడేది. నన్ను పిలిపించింది ఆయన పెద్దకొడుకు. "నాన్న అలసిపోకూడదు. మొత్తం నువ్వే చేసెయ్" అన్నాడు.

నాకు అంతకంటే ఏం కావాలి? మా గరాజ్ అలవాటు ప్రకారం, వదులుగా ఉన్న బోల్టు కంటబడితే బిగించేదాకా నాకు చెయ్యి ఆగదు. మొదటి శనివారమే వెనక సస్పెన్షన్ ఆర్ములు రెండూ ఎక్కించేశాను. బాబా కుర్చీ వేసుకుని కూర్చుని, నేను ఒక్కో బోల్టు బిగిస్తుంటే "జైన్, జైన్" అన్నాడు, అంటే బాగుందని. తనే లేచి గావా పోసి ఇచ్చాడు. నేను ఉబ్బిపోయాను.

ఇక్కడ మా పనిలో ఒక పద్ధతి చెప్పాలి. ముఖ్యమైన బోల్టును టార్క్ రెంచ్‌తో బిగిస్తాం. ఎంత బిగువు కావాలో ముందే పెట్టుకుంటే, అంతకు చేరగానే ఆ రెంచ్ టిక్కుమంటుంది. వెంటనే బోల్టు మీంచి నట్టు మీదుగా పెయింట్ పెన్నుతో ఒక గీత గీస్తాం. ఎవరైనా దాన్ని కదిపితే గీత విరిగిపోతుంది. గరాజ్‌లో ఒక్కొక్కరిది ఒక్కో రంగు. నాది పసుపు. ఆ గీత ఉందంటే, రేపు ఆ చక్రం ఊడితే అడగాల్సింది నన్నని అర్థం.

రెండో శనివారం వెళ్ళేసరికి నా గీతలన్నీ విరిగి ఉన్నాయి.

రెంచ్ పెట్టి చూశాను. బిగువు సరిగ్గా ఉంది. నట్టులైతే కొత్తవి. అవి లోపల నైలాన్ రింగు ఉండే రకం. ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదని పుస్తకంలోనే ఉంది. విప్పినవాడు ఆ మాట కూడా చదివి కొత్తవి వేశాడన్నమాట. సామాను ఎత్తుకుపోయే దొంగల గురించి విన్నాను. ఉన్నదాన్ని విప్పి, కొత్త నట్టేసి, అంతే బిగువుతో మళ్ళీ బిగించి వెళ్ళే దొంగ ఎవడు? నా పసుపు గీత ముక్క పక్కన సన్నగా, వంకరటింకరగా ఒక తెల్ల గీత కూడా ఉంది.

ఆ ఇంటి గరాజ్ తాళంచెవి హౌస్ డ్రైవర్ రమణన్న దగ్గర ఉండేది. ఆయనది రాయచోటి వైపు, ఆ ఇంట్లో పదకొండేళ్ళ నుంచి పని. పక్కకు పిలిచి అడిగాను.

"అన్నా, నేను పోయినంక దీన్ని ఎవలు ముట్టిండ్రు?"

"నన్నడిగితే నాకేం తెలుసప్పా? తాళం తీస్తా, తాళమేస్తా. అంతే నా డ్యూటీ."

మేనేజర్‌కు ఫోన్ చేశాను. "బోల్టు టైట్‌గా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "మరి నీ కంప్లయింట్ ఏమిటి?" అన్నాడు. నిజమే, నా కంప్లయింట్ ఏమిటో నాకే తెలియలేదు.

మూడో శనివారం ముందు సస్పెన్షన్ బిగించాను. నాలుగో శనివారానికి అవీ విప్పి బిగించి ఉన్నాయి. బ్రేక్ పైపులదీ అదే కథ. బాబా మాత్రం ప్రతిసారీ "జైన్, జైన్" అంటూనే ఉన్నాడు. నాకు నిద్ర సరిగా పట్టడం మానేసింది. గీసింది నేనే కదా, లేక గీశాననుకున్నానా అని నన్ను నేనే అనుమానించుకునే దాకా వచ్చింది. ఫోన్‌లో ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టాను.

ఆరో శనివారం రమణన్న టీ తెచ్చిచ్చినప్పుడు ఆయన బొటనవేలి గోరు మీద తెల్ల పెయింట్ కనబడింది.

నాకు కోపం నషాళానికంటింది. పని రానివాడు బ్రేకులతో ఆడుకుంటున్నాడు, రేపు ఏమైనా అయితే పేరు నాది అనుకున్నాను. ఇంకోమాట అడగకుండా, పెద్దకొడుకుకు ఫొటోలు చూపించి డ్రైవర్ మీదే అనుమానమని చెప్పేశాను.

ఆయన రమణన్నను అక్కడికే పిలిచి, "ఎవరు విప్పుతున్నారు?" అని అడిగాడు. రమణన్న ఒక్కసారి ఇంటి తలుపు వైపు చూశాడు.

"అనా, సర్. నేనే" అన్నాడు. అక్కడ అరబ్బీలో 'అనా' అంటే నేను.

"ఎందుకు?"

"పని నేర్చుకుందామని."

"మా నాన్న కూర్చోబోయే బండితోనా? వీసా క్యాన్సిల్ చేస్తాను. ఈ వారంలోనే ఊరికి వెళ్ళిపో."

నేను అనుకున్నదే నిజమైంది, సంతోషించాలి. కానీ ఏదో అతకడం లేదు. ఆ మనిషికి ఇంగ్లీషు రాదు, పుస్తకంలో ఒక్క ముక్క చదవలేడు. నైలాన్ నట్టు సంగతి ఆయనకెలా తెలుసు? ఆ మాట అడుగుదామని నోరు తెరిచేలోపు బాబా బయటికొచ్చాడు.

టార్క్ రెంచ్ తీసుకుని వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొడుకు పట్టుకోబోతే చెయ్యెత్తి ఆపాడు. రమణన్న చెప్పకుండానే అవతలి వైపుకు వెళ్ళి, నట్టు తిరగకుండా స్పానర్‌తో పట్టుకున్నాడు. ఇద్దరూ ఆ పని ఎన్నిసార్లు కలిసి చేశారో దాంట్లోనే తెలిసిపోయింది. రెంచ్ బోల్టు తల మీద కుదరదు, జారిపోతుంది. మళ్ళీ పెడతాడు. నేను అర నిమిషంలో చేసే బోల్టు. విప్పి, కొత్త నట్టేసి బిగించడానికి ఆయనకు పావుగంట పట్టింది. టిక్కుమంది. జేబులోంచి తెల్ల పెన్ను తీసి, వణుకుతున్న చేత్తో వంకరగా గీత గీశాడు.

అప్పుడు నా వైపు తిరిగి తనకొచ్చిన హిందీలో అన్నాడు: "సబ్ తుమ్ కరేగా, తో హమ్ క్యా కరేగా?"

అన్నీ నువ్వే చేస్తే నేనేం చెయ్యాలి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికొచ్చిన పనివాడి చేతిలోంచి పని లాక్కోవడం ఆయన మర్యాద కాదు, అందుకే ఆ జైన్, జైన్. నేను వెళ్ళాక వారమంతా కూర్చుని నా పని విప్పి తన పని చేసుకునేవాడు. కొడుక్కు తెలిస్తే అదీ మాన్పిస్తాడని రమణన్న దగ్గర మాట తీసుకున్నాడు. కొడుకు తండ్రి పక్కన నేల మీదే కూర్చుండిపోయాడు. వీసా మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం గేటు దగ్గర రమణన్నకు దండం పెట్టాను. "తప్పయింది అన్నా. కానీ నీ నౌకరీ పోతుండె. నువ్వెందుకు ఒప్పుకున్నవే?"

"రెంచి టిక్కుమన్నప్పుడల్లా నవ్వుతాడప్పా ముసలాయన. పదకొండేండ్లలో ఆయన అంతగా నవ్వింది నేను చూళ్ళా. దాన్ని నేనెట్ల చెడగొట్టేది?"

ఒక నవ్వు కోసం మనిషి ఉద్యోగం వదులుకోవడానికి ఎలా సిద్ధపడతాడో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఆ రోజైతే అసలే కాలేదు.

తర్వాతి శనివారాలన్నీ స్టూలు మీద కూర్చున్నాను. ఆయన బిగించేవాడు, నేను చూసేవాణ్ణి, అడిగితే చెప్పేవాణ్ణి. చేతులు ఊరుకోక జేబుల్లో పెట్టుకునేవాణ్ణి. మార్చిలో కారు తోటకు చేరింది. నడిపే ముందు కిందికి దూరి ప్రతి బోల్టూ పరీక్షించాను. ఒక్కటీ వదులు లేదు, అన్నిటి మీదా తెల్ల గీతలే. పక్క సీటు కింద మాత్రం, నేనింకా స్టూలెక్కక ముందు బిగించిన ఒక బోల్టు మీద నా పసుపు గీత చెక్కుచెదరకుండా ఉంది.

"బాబా, దీన్ని మరిచిపోయారు" అన్నాను.

"మరవలేదు. అది నీది" అన్నాడు. రమణన్న వెళ్ళి ఆ సీట్లో కూర్చున్నాడు.

ఇప్పుడు ఎవరింటికి పనికి వెళ్ళినా స్పానర్ తియ్యకముందు ఒక ప్రశ్న అడుగుతాను. "ఇందులో మీరు చేసుకోవాలనుకున్నది ఏమైనా ఉందా?" చాలామంది నన్ను వింతగా చూస్తారు. ఎప్పుడో ఒకరు మాత్రం కాసేపు తటపటాయించి, చెయ్యి చాపి నా స్పానర్ తీసుకుంటారు.