ఒలుపోళ్లు పుట్టిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు మా ఊళ్లో కాలికి ముల్లు గుచ్చుకున్నా ఒంటరిగా ఏడ్చే యోగం ఎవరికీ ఉండేది కాదు. ఒకసారి నాకు తుమ్మముల్లు దిగింది. మా అమ్మ పిన్నీసు వెతుక్కుని వచ్చేలోగా వాకిట్లో పెళ్లికి వచ్చినంత జనం. ముల్లు ఎటు వంగి ఉందో ఒకాయన వివరించాడు. ఇట్లాంటి ముల్లుకే పక్కూళ్లో ఒకడికి కాలు తీసేశారని ఇంకొకామె నన్ను ఓదార్చింది. వెనకున్న వాళ్లకు నా కాలు కనబడడం లేదని గొడవైతే, నన్ను ఎత్తి అరుగు మీద కూర్చోబెట్టారు. కాలు కదలకుండా కాస్త పట్టుకోండప్పా అని మా అమ్మ అడిగితే మాత్రం ఒక్కరికీ చెయ్యి ఖాళీ లేదు. అందరి చేతులూ నడుముల మీద ఉన్నాయి.

రాయచోటికి ఎద్దులబండి మీద ఒక పూట ప్రయాణం మా ఊరు. వాన రాదు, చూడటానికి ఇంకేమీ లేదు, పాపం మనుషులు ఒకరినొకరు చూసుకోక ఏం చేస్తారు అని ఇప్పుడు పెద్దమనసుతో అనొచ్చు. కానీ అప్పట్లో నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ మండుతుంది.

ఈ చూసేవాళ్లందరికీ మహారాజు మా జేజినాయన. మా వైపు నాయన వాళ్ల నాయనను జేజినాయన అనీ, ఆయన భార్యను జేజి అనీ పిలుస్తాం. మా జేజినాయనకు చెవుడు. పక్కన నిలబడి పిలిచినా పలికేవాడు కాదు. అదే మూడు వీధుల అవతల అత్తాకోడళ్లు గొంతు పెంచితే చాలు, తింటున్న సంగటిముద్ద వదిలేసి తలపాగా చుట్టుకుంటూ ఉరికేవాడు. ఎప్పుడూ ముందు వరుసే. ఆయన చేరకముందే కొట్లాట ముగిసిపోతే, మర్యాద తెలియని మనుషులని వాళ్ల మీద రెండు రోజులు అలిగేవాడు.

ఆ ఏడు వానకోసం ఊరంతా ఆకాశం చూసి చూసి అందరి మెడలూ పట్టేసి ఉన్నాయి. శెనిక్కాయ, అదే వేరుశెనగ, విత్తనం సంగతి తెలియని వాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాయను పొట్టుతోనే దాచిపెట్టాలి. మరీ ముందుగా ఒలిస్తే గింజ చెడుతుంది, ఆలస్యమైతే అదను తప్పుతుంది. అందుకే మబ్బు కమ్మగానే వీధిలో వాళ్లు ఈ పొద్దు మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో అని బదులు మీద కూర్చుని ఒలుచుకునేవాళ్లు. అంతా చేత్తోనే. బొటనవేలి గోరు కింద పొట్టు దిగబడి, సాయంత్రానికి ఆ వేలు వంకాయంత అయ్యేది.

అందరూ ఒలుచుకున్నారు. మా జేజినాయన మాత్రం ఎవరింటికీ బదులుకు పోలేదు. పోవడానికి తీరిక ఏదీ? సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్లో ఒక గట్టు తగాదా, ఒక కోడి తగాదా నడుస్తున్నాయి. వాన రానీలే, అప్పుడు చూసుకుందాం అన్నాడు. వాన వచ్చింది. ఎట్లా వచ్చిందంటే, ఇన్నేళ్ల బాకీ అంతా ఒక్క సాయంత్రం మా నెత్తిన కుమ్మరించి పోయింది. అట్లా తడిసిన నేల ఒక రోజు ఆరితేగానీ విత్తే గొర్రు సాగదు. ఆపైన ఎండలు కొడితే నేలలో తడి ఆరి పదును పోతుంది. మాకున్నది ఒంటెద్దు. జత ఎద్దులూ గొర్రూ ఉన్న రైతు ఎల్లుండి పొద్దున్నే మీ చేనికి వస్తానని మాటిచ్చాడు. ఆ వంతు తప్పితే మళ్లీ ఆయన మా దగ్గరికి వచ్చేసరికి మా ఎర్రనేల రొట్టెలు కాల్చుకునే పెనం అయిపోతుంది. ఆ చేనొక్కటే మాకు కూడు. అది బీడు పడితే మూట నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకన వేసుకుని, పనులు వెతుక్కుంటూ దేశాలు పట్టి పోవాల్సిందే. ఇంట్లో విత్తనం కాయల మూటలు మాత్రం మూతి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఆ కుప్ప ఎక్కాలంటే బల్లులు కూడా నడుమ ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకునేవి.

వాన వెలిసిన మర్నాడు జేజి పొద్దున్నే ఇంటింటికీ తిరిగింది. నేల ఆరేదాకా ఊరంతా పనిలేక ఖాళీగానే ఉంది. అయినా పని అనే మాట వినబడగానే ఊరికి రోగాలు మొదలయ్యాయి. ఒకామెకు నడుము పట్టింది. ఒకాయనకు చెయ్యి బెణికింది. ఏ చెయ్యప్పా అని అడిగితే కాసేపు ఆలోచించి చెప్పాడు. ఎదురింటి అత్త ఒక్కతే ఉన్నమాట అడిగేసింది. "మా ఇంట్లో ఒలుస్తాంటే మీ ఆయప్ప యాడుండెనక్కా?"

జేజి వెనక్కి తిరిగి ఇంటికి వచ్చింది. అరుగు మీద గురకపెట్టి నిద్రపోతున్న మొగుణ్ని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచి, ఇంటింటికీ పోయి చేటలు అడిగి తెమ్మంది. నడుము పట్టినవాళ్లూ చెయ్యి బెణికినవాళ్లూ చేటలు మాత్రం సంతోషంగా ఇచ్చారు. నాకు ఏడుపొచ్చింది. ఒలిచే మనుషులు ఒక్కరు దొరకలేదు, ఇన్ని చేటలతో ఏం చేస్తుంది? బెంగతో మతి పోయిందేమో అనుకున్నా.

మధ్యాహ్నం మూటలన్నీ వాకిట్లోకి లాగించి, కాయలు మెత్తబడేందుకు నీళ్లు చిలకరించింది జేజి. కొంగు బిగించింది. లోపలికి పోయి జేజినాయన తలపాగా, మెట్లు, చేతికర్ర ఒక్కొక్కటే వీధిలోకి విసిరేసింది. మెట్లంటే మా వైపు చెప్పులు. అవి ఎదురింటి గోడకు తగిలి చెరొక పక్క పడ్డాయి.

"ఈ మనిషితో నాకింక సంసారం ల్యా! ఈ పొద్దు ఊరంతా విననీ!"

ఆ గొంతు రాయచోటి సంతలో వినబడి అక్కడ బేరాలు ఆగిపోయాయని తర్వాత చెప్పుకున్నారు. నడుము పట్టినామె అందరికంటే ముందొచ్చింది. చెయ్యి బెణికినాయన రెండు చేతులతో గోడ పట్టుకుని ఎగబాకి పైన కూర్చున్నాడు. ఇక మా జేజినాయన. కొట్లాట చెవిన పడగానే దిగ్గున లేచి, అలవాటు ప్రకారం తలపాగా కోసం తడుముకుంటూ వీధిలోకి రెండంగలు వేశాడు. కొట్లాట తన ఇంట్లోనే అని తెలియడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.

జేజి తిట్టు ఆపకుండానే జనాన్ని కూర్చోబెట్టింది. "నిలబడి యెంతసేపు వింటారప్పా, శానా ఉండాది చెప్పాల్సింది" అంటూ ఒక్కొక్కరి ముందుకీ కాయలు పోసిన చేట జరిపింది. ఎవరి చేట వాళ్లే గుర్తుపట్టి ఒళ్లో పెట్టుకున్నారు. నేనూ ఒకటి లాక్కున్నా. చెవులు పనిలో ఉన్నప్పుడు చేతులు ఊరికే ఉండలేవు. శెనిక్కాయ కనబడితే అసలే ఉండలేవు. కాసేపటికి వాకిలంతా చిటపట చిటపట, వాన మళ్లీ మొదలైందేమో అన్నట్టుంది.

ఒలిచేవాళ్లు గింజలు నోట్లో వేసుకుంటారన్న సంగతి జేజికి తెలుసు. ఎవరి చెయ్యి నోటి దగ్గరికి లేస్తే వాళ్లనే పేరు పెట్టి పిలిచేది. "నువ్వే చెప్పు వదినా, ఇది న్యాయమా?" న్యాయం చెప్పాలంటే నోరు ఖాళీగా ఉండాలి కదా. గింజ చేటలోకి తిరిగి వచ్చేది. చిటపటలు తగ్గాయంటే ఒక కొత్త రహస్యం వదిలేది. "తిరునాళ్లలో ఈయప్ప ఎవరితో గుసగుసలాడతాండెనో చెప్పమంటారా?" అనగానే చేటలు గలగలలాడేవి. అది తర్వాత చెప్తానని పెండ్లినాటి సంగతి ఎత్తుకునేది. తాళి కట్టే ముహూర్తానికి పెండ్లికొడుకు పీటమీద లేడట. వెతికితే, వంక దాటుతూ ఇసుకలో బండి దిగబడి ఉంటే చూడను పోయి అక్కడ నిలబడి ఉన్నాడట, బాసికంతో సహా.

"ఎద్దులబండి గాదే, గుర్రపుబండి" అన్నాడు జేజినాయన. ఆ మధ్యాహ్నమంతా ఆయన చెప్పుకున్న సమాధానం అదొక్కటే.

పొద్దు వాలింది. ఇంకొక్క మూట మిగిలింది. అప్పుడు జేజి గొంతు ఉన్నట్టుండి మారింది.

"ఊళ్లో ఎవరి కొంపలో నిప్పు పడినా ముందర నిలబడతావే, ఒక్కరింట్లోనన్నా ఒక్క చేటెడు ఒలిచినావా? ఒలిచింటే ఈ పొద్దు నేను ఇంటింటి ముందర చెయ్యి చాపుతానా? రేపు చేను బీడు పడితే ఈ పిల్లోల్లను ఏసుకొని యాడికి పోదాం? చెప్పు, యాడికి పోదాం?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అప్పుడు అర్థమైంది, ఇందులో నాటకం ఇందాకే అయిపోయిందని. చిటపటలు ఆగిపోయాయి. ఎవరూ జేజినాయనను చూడలేదు. ఊరు ఒక మనిషిని చూడకుండా తల దించుకోవడం నేను అదే మొదటిసారి చూశా. అందరూ తమ ఒళ్లో చేటల్ని చూసుకుంటున్నారు.

జేజినాయన వీధిలోకి పోయి తలపాగా తీసి దులుపుకున్నాడు. చుట్టుకోకుండా భుజాన వేసుకుని, వరుస చివర గొంతుక్కూర్చుని, ఒక చేట లాక్కున్నాడు. కాయను ఎక్కడ నొక్కాలో ఆ పెద్దమనిషికి తెలియదు. నడుము దగ్గర పట్టుకుని నలుపుతున్నాడు. నడుము పట్టినామె జరిగి చూపించింది. "ముక్కు కాడ నొక్కన్నా, అదే విచ్చుకుంటాది." మళ్లీ చిటపటలు మొదలయ్యాయి. ఈసారి మాటలు లేవు.

చివరి కాయ పొట్టు కింద పడగానే ఎదురింటి అత్త ఉండబట్టలేక అడిగింది. "అంతా సరే గానక్కా, తిరునాళ్లలో ఎవరితో మాట్లాడతాండె?"

"గాజులామెతో. నాకు గాజులు బేరం చేసినాడు" అంది జేజి, చేటలు ఒకదాంట్లో ఒకటి సర్దుకుంటూ. "కొనలేదులే."

ఊరి ముఖం చూడాల్సింది. ఇంత ఒలిచి ఇంతేనా అని గొణుక్కుంటూ, వాచిన బొటనవేళ్లు నోట్లో పెట్టుకుని పోయారు. మరుసటి రోజు పదునులోనే మా చేను విత్తారు. ఆ ఏడు మేం మూట కట్టలేదు.

కొట్లాట చూడబోయి కాయలు ఒలిచి వచ్చారు కాబట్టి, ఆనాటినుంచి ఊరికే వచ్చి నిలబడి చూసేవాళ్లకు మా ఊళ్లో ఒలుపోళ్లు అని పేరు పడింది. ఒక్కడైతే ఒలుపోడు. తలుపు సందులోంచి చూసే ఆడమనిషి ఒలుపామె. ఎవరైనా పనిలేకుండా వాకిట్లో నిలబడితే, ఏమప్పా ఒలుపోడా, చేట తెచ్చుకున్యావా అనేవాళ్లు. అత్తగారిళ్లకు పోయిన ఆడపిల్లలతోపాటు ఆ మాట కూడా సారె మూటలో కూర్చుని ప్రయాణాలు చేసింది. చాలా ఏళ్లకు కమలాపురం దగ్గర మా బస్సు టైరు పేలితే, చుట్టూ మూగినవాళ్లను కండక్టరు ఆ మాటే పెట్టి తిడుతున్నాడు. దూరదేశంలో మేనమామ ఎదురుపడ్డట్టు అనిపించింది. ఒలుపోళ్లు మాత్రం కదల్లేదు. తిట్టు కమలాపురం దాకా పోయింది గానీ చేట మా ఊళ్లోనే ఉండిపోయింది.

జేజినాయన ఆ తర్వాత కొన్నాళ్లు ఏ గొడవకూ పోలేదు. ఒకరోజు పై వీధిలో అరుపులు వినబడ్డాయి. ఆయన లేచాడు, వాకిలి దాకా పోయాడు, ఆగాడు, వెనక్కి వచ్చి గోడకున్న చేట తీసి చంకలో పెట్టుకున్నాడు. యాడికి అని జేజి అడిగింది. "పోయి చూసొస్తా. ఉత్త చేతుల్తో పోతే బాగుండదు గదా" అన్నాడు.

మొన్న మా వీధి మలుపులో ఒక ముసలాయన సైకిలు మీంచి పడ్డాడు. ఆయన బుట్టలో టమేటాలు రోడ్డంతా దొర్లాయి. క్షణంలో తిరునాళ్లంత జనం. నా కాళ్లు నన్నడక్కుండానే ముందు వరుసకు పోయాయి, జేజినాయన రక్తం ఊరికే పోతుందా? అక్కడ నిలబడగానే నా బొటనవేలి గోరు కింద సలుపు మొదలైంది. ఇన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు. ఇక తప్పక సైకిలు లేపి, ముసలాయన్ను కూర్చోబెట్టి, వంగి టమేటాలు ఏరడం మొదలుపెట్టా.

వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. "కొంచెం పక్కకు జరగప్పా, ఏం కనపడ్డంల్యా."