ఉంచేదా, తీసేదా

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అక్కడొక ఫొటో స్టూడియోలో నా ఈడు కుర్రాడొకడూ నేనూ కలిసి పని నేర్చుకున్నాం. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు అతని ముఖం నిండా ఉండేవి. నెగటివు మీద సన్నటి పెన్సిలుతో దిద్ది, ఫొటోలో మచ్చలు కనబడకుండా చేయడం మా చదువులో ముఖ్యమైన పాఠం. మా గురువు ఎవరినీ అడగకుండానే దిద్దేవాడు. అతను మాత్రం కుర్చీలోంచి లేవబోయే మనిషిని ఆపి అడిగేవాడు.

"మచ్చలు ఉంచేదా, తీసేదా?"

సగంమంది నొచ్చుకునేవారు. లేనిపోని గొడవ ఎందుకని నేనూ విసుక్కునేవాణ్ణి.

ఒకసారి కోయిలకుంట్ల రైతు ఒకాయన పెళ్లి సంబంధానికి పంపాలని కూతురికి ఫొటో తీయించాడు. ఆ పిల్ల ముఖం మీదా అవే మచ్చలు.

"తీసెయ్యప్పా, అడిగేదేముండాది" అన్నాడు రైతు.

అతను ఆ పిల్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఉండనీలేన్నా. రేపు వాళ్లు వచ్చి చూసేది నన్నే గదా" అంది ఆమె.

ఆ నెగటివు మీద అతను పెన్సిలు పెట్టలేదు. సంగతి తెలిసి గురువు, "ఇంక నీకు ఈడ పని లేదు, పో" అన్నాడు.

వెళ్లే రోజు తనకూ ఒక ఫొటో తీయమని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తీశాక, అతను అందరినీ అడిగే ప్రశ్నే నేను అతన్ని అడిగాను. ఉంచమంటాడనే అనుకున్నాను.

"తీసెయ్యప్పా. మాయమ్మకు పంపేది. అమ్మవారు పోయకముందు మొగం ఆమె ఇంకా ఎతుకుతాండాది."