నాలుగు వారాల మనిషి

ఒడ్డు కనపడనంత దూరాన, సముద్రం మధ్యలో ఇనపకాళ్ల మీద నిలబడి చమురు తోడే ప్లాట్‌ఫారం ఒకటి ఉండేది. దాని మీద ఆయన క్రేన్ ఆపరేటరు. నాలుగు వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇంట్లో, పెళ్లయిన నాటినుంచీ అదే వరస. వీధిలో అందరికీ ఆయన సముద్రం బాబాయి. అసలు పేరుతో అడిగితే సందు మొదట్లో ఇస్త్రీ చేసే మనిషి కూడా "అలాంటివాళ్లు ఈ వీధిలో లేరండీ" అంటాడు, ఆయన చొక్కానే ఇస్త్రీ చేస్తూ.

కంపెనీవాళ్లు ఆ కొలువును ఆఫ్‌షోర్ అంటారు, ఒడ్డుకు దూరమని. ఆ మాటంటే ఆయనకు మహా మురిపెం. హెలికాప్టరెక్కి వెళ్లాలి, గాలికి కొట్టుకుపోకుండా కమ్మీ పట్టుకుని నడవాలి, కిందికి చూస్తే కళ్లు తిరగాలి. అంత కష్టపడితేగానీ ఆ మాట దక్కదని ఆయన లెక్క. అలాంటిది, సముద్రం అవతలి కంపెనీకి ఇంట్లోంచే పనిచేసే కూతురు ఓ రోజు భోజనాల దగ్గర "మా ఆఫ్‌షోర్ టీమ్‌లో నేనే చిన్నదాన్ని నాన్నా" అనేసింది.

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "నువ్వు ఆఫ్‌షోరా? నీ కుర్చీకీ సముద్రానికీ ఏంటే సంబంధం?"

"వాళ్ల ఒడ్డు నుంచి చూస్తే దూరంగా ఉన్నది నేనేగా!"

"ఎప్పుడైనా హెలికాప్టరెక్కావా? లైఫ్ జాకెట్ తొడిగావా?"

"మంచం మీంచి కుర్చీలోకి రావడానికి హెలికాప్టర్ ఎందుకు నాన్నా?"

వాళ్లింట్లోనే ఉండే అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అల్లుడిలో వంక ఎక్కడ దొరుకుతుందా అని చూసే ఆవిడకు అంతకంటే ఏం కావాలి! ఇది చాలదన్నట్టు ఎదురింటి పెద్దాయన పేపర్లో విదేశాల్లో డబ్బు దాచే ఆఫ్‌షోర్ ఖాతాల గురించి చదివి, గేటు దగ్గర ఆయన్ని పట్టుకుని గొంతు తగ్గించి అడిగాడు, "అక్కడేం దాచావోయ్? నాకు చెప్తే ఎవరికీ చెప్పనులే."

"ఓ సబ్బుపెట్టె, రెండు బనీన్లు. అవి కూడా నా జోడీ వాడేస్తుంటాడు సార్."

"పోనీలే, నీ గుట్టు నీది" అని పెద్దాయన ముఖం మాడ్చుకుని లోపలికి వెళ్లిపోయాడు. నిజం చెప్తే నమ్మేవాడెవడు?

ఆ జోడీ సంగతి ఇక్కడే చెప్పాలి. ప్లాట్‌ఫారం మీద ప్రతివాడికీ ఒక జోడీ ఉంటాడు. ఒకడు ఇంట్లో ఉంటే రెండోవాడు అక్కడ ఉంటాడు. ఒకే మంచం, ఒకే అలమర, ఒకే క్రేను. జోడీ వచ్చి అక్కడ కాలు పెట్టేదాకా రెండోవాడు కదలడానికి లేదు, ఇంట్లో ఎంత పెద్ద పనున్నా సరే. ఇద్దరూ కలిసేది హెలికాప్టర్ రెక్కల కింద, వేడి కాఫీ చల్లారేపాటి సేపు. ఆ గోలలో అరుచుకుంటూనే పని అప్పగించుకోవాలి.

"బావగారూ, పెద్ద క్రేన్ బ్రేకు మొండికేస్తోంది, కాస్త చూసుకోండి!"

"అలాగే బావగారూ, క్షేమంగా వెళ్లిరండి!"

అంతే వాళ్ల స్నేహం. ఒకే దిండు మీద ఇన్నేళ్లు పడుకున్నారు, ఒకరి తలనూనె వాసన ఇంకొకరికి తెలుసు, కానీ ఎవరికెంతమంది పిల్లలో అడిగే తీరిక ఎప్పుడూ దొరకలేదు.

ఇలా ఉండగా అడుగున చమురు అయిపోయింది. ప్లాట్‌ఫారం మూసేస్తున్నామని కంపెనీ చెప్పింది. ఆఖరి నాలుగు వారాలు విప్పదీసే పని జోడీ వంతుకు వచ్చింది, ఈయన వంతు ముగిసిపోయింది. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, అందర్నీ ముందుగదిలోకి పిలిచి ప్రకటించాడు. "ఇక నేను ఎక్కడికీ వెళ్లను. ఇంట్లోనే."

ఎవరైనా ఎగిరి గంతేస్తారేమోనని కాసేపు చూశాడు. అత్తగారు నోరు విప్పారు. "ఎన్నాళ్లు?"

"ఎప్పటికీ అత్తయ్యగారూ."

"ఎప్పటికీ అంటే... వచ్చే నెల కూడానా?"

భార్య "కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతాను" అని లేచింది. ఆ మాట ఆయన వచ్చినప్పుడల్లా అనేదే. ఈసారి మాత్రం ఆయనకు ఎక్కడో చివుక్కుమంది.

నన్నడిగితే తప్పు ఎవరిదీ కాదు. నాలుగు వారాలుండి పోయే మనిషిని ఏ ఇల్లయినా చుట్టంలాగే చూస్తుంది. మంచి కంచం ఆయనకే, ఫ్యాను కింద చోటు ఆయనకే. ఇప్పుడు చుట్టరికం వద్దు, పని కావాలన్నాడు. పనెక్కడుంది? ఉన్న పనులన్నీ ఎప్పుడో ఎవరో ఒకరు పంచేసుకున్నారు. పనిలేని మనిషి ఊరుకుంటాడా? బరువైన డబ్బాలు పైన ఉంటే ప్రమాదమని వంటింటి అలమర మొత్తం తలకిందులు చేశాడు. ఆ పూట భార్యకు ఉప్పు దొరకలేదు. మెట్లెక్కేవాళ్లని "చెయ్యి కమ్మీ మీద!" అని కేకేసేవాడు, దాంతో ఉలిక్కిపడి అత్తగారు నిజంగానే పడబోయారు. ఓ ఉదయం కంచం మీద గరిటెతో వాయించి "నిప్పంటుకుంది, అందరూ గేటు దగ్గరికి!" అని, ప్లాట్‌ఫారం మీద చేయించినట్టే ఉత్తుత్తి విన్యాసం పెట్టాడు. భార్య స్టవ్ కట్టేసి వచ్చింది. కూతురు చెవులకు తగిలించుకున్నవి తియ్యకుండానే, ఎవరికో ఏదో ఇంగ్లీషులో సర్దిచెప్తూ వచ్చింది. అత్తగారు జడ వేసుకుని, పిన్ను పెట్టుకుని, తీరిగ్గా దిగారు.

"ఈపాటికి మీరు కాలిపోయుండేవారు అత్తయ్యగారూ!"

"కాలితే కాలాను. తల దువ్వుకోకుండా వీధిలోకి రమ్మంటారేంటి, బావుంది వరస!"

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఒక మధ్యాహ్నం పెరటి కుళాయి కారుతుంటే ఆయన ఉత్సాహంగా పనిముట్ల పెట్టె పట్టుకుని వెళ్లాడు. అప్పటికే ప్లంబరు పని ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. భార్య ఫోన్ చేసి పిలిపించిందట, ఎప్పట్లాగే. ప్లంబరు ఆయన్ని ఎగాదిగా చూసి మర్యాదగా అడిగాడు, "చుట్టాలాండీ? ఎప్పుడొచ్చారు?"

ఆ మాట ముల్లులా దిగింది. పనిముట్ల పెట్టె యథాస్థానంలో పెట్టేసి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. 'నేను లేకపోతే ఈ ఇల్లు ఆగదు. నేనుంటేనే ఆగుతోంది' అనుకున్నాడు. ఇంత బతుకూ బతికి ఇంటి వెనకాల చచ్చినట్టయిందని కళ్లు తడిచేసుకున్నాడు కూడా.

అంతలో నాలుగు వారాలూ గడిచాయి. ఆ రోజు జరిగింది వింటే మీరు నమ్మరు.

ముందురోజు సాయంత్రం టీవీ చూస్తూ భార్య సంచి సర్దేసింది. ధ్యాస టీవీలో, చేతులు సంచిలో. రెండు బనీన్లు, సబ్బుపెట్టె, తువ్వాలు అన్నీ వాటంతటవే వెళ్లి కూర్చున్నాయి. పొద్దున్నే ఎవరూ పిలవకుండానే ఎప్పుడూ వచ్చే ఆటో వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టింది. ఆయన స్నానం చేసి, చొక్కా తొడుక్కుని, ప్లాట్‌ఫారం మీద పనికిరాదు గనక ఫోన్‌ను టీవీ పక్కన పెట్టేశాడు. భార్య సంచి అందించింది. "జాగ్రత్త అల్లుడుగారూ" అన్నారు అత్తగారు. కూతురు కంప్యూటర్ ముందునుంచే చెయ్యూపింది. ఆయన ఆటో ఎక్కాడు.

ఊరి పొలిమేర దాటాక వెలిగింది ఆయన బుర్రలో. ఎక్కడికి వెళ్తున్నట్టు? అక్కడ క్రేనేది, మంచమేది? "వెనక్కి తిప్పు" అనబోయి ఆగాడు. అనకూడదూ? రోషం! ఒక్కరైనా 'ఎక్కడికండీ' అన్నారా? మొగుడు పోతున్నాడంటే సంచి చేతికిచ్చి మరీ పంపిందే! సరే, పంపారుగా, వెళ్తాను. ఎక్కడికి వెళ్తాడో ఆయనకే తెలియదు. ఆటో తిన్నగా హెలిపోర్టుకే తీసుకెళ్లింది.

అక్కడ హెలికాప్టర్ ఎక్కేముందు మనుషుల్ని తూచే తూకం మీద అలవాటు కొద్దీ ఎక్కి నిలబడ్డాడు. బల్ల దగ్గర కుర్రగుమాస్తా బిత్తరపోయాడు. "సార్, ఇవాళ వెళ్లేవాళ్లు లేరు, వచ్చేవాళ్లే. తూకం దేనికి?"

"ఇంటితిండికి ఎంత పెరిగానో చూద్దామని" అన్నాడు దర్జాగా.

బెంచీ మీద కూర్చుని బయటికి చూస్తుండగా ఆఖరి హెలికాప్టర్ దిగింది. అందులోంచి నలిగిన బట్టలతో, భుజాన సంచితో జోడీ దిగాడు. ఈయన్ని చూడగానే దూరంనుంచే కేకేశాడు, "బావగారూ! పెద్ద క్రేన్ తాడు మార్చాను, బ్రేకు మాత్రం..." అంటూ మధ్యలో నాలిక కరుచుకున్నాడు. పెద్ద క్రేన్‌ను ముక్కలుచేసి ఓడకెక్కించి వస్తున్నది తనే! ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వడం అయ్యాక జోడీ అడిగాడు, "నా కోసం వచ్చారా?"

"మరెవరికోసం!" అనేశాడు ఈయన. అబద్ధమే. కానీ జోడీ కళ్లు తుడుచుకోవడం చూసి, నిజంగానే అందుకే వచ్చానని తనూ నమ్మేశాడు.

ఇద్దరూ టీ తాగుతుండగా గేటు దగ్గర ఇంకో ఆటో ఆగింది. భార్య దిగింది. జుట్టు రేగిపోయి ఉంది, కాలికో రకం చెప్పు, చేతిలో ఆయన ఫోను. వస్తూనే అందుకుంది. "బుద్ధుందా మీకు? ఎక్కడికని బయల్దేరారు? ఫోన్ చేస్తే ఇంట్లోనే మోగుతోంది!"

"నువ్వేగా సంచి ఇచ్చావు."

"నా చేతికి అలవాటు, ఇచ్చింది. మీకు నోరు లేదా?"

"నోరుంది. మనసే లేదు అడగడానికి" అన్నాడు ఆయన. "నాలుగు వారాలుగా చూస్తున్నాను. నేను లేనప్పుడే మీకు హాయి. పంపించారు, వచ్చేశాను."

ఆవిడ పక్కనున్న మనిషిని అప్పుడే చూసింది. "ఈయనెవరు?"

"నా జోడీ."

ఆవిడ ముఖంలో కోపం ఎటు పోయిందో పోయింది. ఒక్కసారిగా చేతులు జోడించింది. "అన్నయ్యగారూ, ఒంట్లో బాగుంటోందా?"

జోడీ కంగారుగా లేచాడు. "బాగానే ఉందమ్మా."

"ఉండాలి. ఇన్నేళ్లూ మీకు జ్వరం రాకూడదని మొక్కాను. మీ కాలు బెణకకూడదని, మీ ఇంట్లో ఎవరికీ ఏ కష్టమూ రాకూడదని. మీరు అక్కడ దిగితేగానీ ఈయన ఇక్కడికి రారుగా. మా అమ్మ మంచానపడ్డప్పుడు కూడా ముందు మీ పేరే తలుచుకున్నాను, ఆవిడకు చెప్పకండి. ఒక్కసారి తుఫాను వచ్చి మీరు నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్లారు. ఆ నాలుగు రోజులూ నేను వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది."

సముద్రం బాబాయి భార్యవైపు కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఈ మాట నాతో అనలేదేంటే?"

"అంటే మీరు ఆ హెలికాప్టర్ ఎక్కేవారా?"

ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, కుర్రగుమాస్తా చూస్తున్నాడని కూడా లేకుండా, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.