ఎర్ర పట్టీ వెనకాల జలపాతం

శ్రుతి మేస్త్రి ఒక ఆదివారం సాయంత్రం బడి హాల్లోకి ఏకంగా జలపాతాన్నే దింపి, మూడొందల మందిని తల నుంచి పాదాల దాకా తడిపేశాడు. సరే, మూడొందలు కాదు, డెబ్బై మంది. తడిసింది కూడా కొందరి కళ్ళే. జలపాతం సంగతి మాత్రం తగ్గించడానికి వీల్లేదు.

మేస్త్రి పని పియానోలకు శ్రుతి చేయడం. పియానోలో చాలా మెట్లకు లోపల మూడేసి తీగలుంటాయి. ఆ మూడూ ఒకే గొంతుతో పలకాలి. అందుకని పొడుగాటి ఎర్ర ఉన్ని ఫెల్టు పట్టీని తీగల సందుల్లో దూర్చి, పక్క తీగల నోరు నొక్కి, ముందు మధ్య తీగను దారికి తెస్తాడు. తర్వాత పట్టీ లాగేసి మిగతా రెండింటినీ దాంతో కలుపుతాడు. ఇంటి ముందుగదిలోనూ ఒక పాత పియానో ఉంది. ఒక్క స్వరాన్నే అరవైసార్లు కొట్టే మనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేసి, ఒక్కనాడూ ‘ఇక ఆపండి’ అనని ఇల్లాలు ఆయనకు దొరికింది. పక్కగదిలో బట్టలు కుడుతూ, ‘ఇందాకటి కంటే ఇప్పుడు బాగుంది’ అనేది. నిజంగా వినే అనేది.

ఆవిడ రుణం నోటిమాటతో తీరేది కాదని మేస్త్రికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి చూసిన జలపాతం మీద ఒక కంచెర్టో మొదలుపెట్టాడు. పియానో ముందు నడుస్తుంటే వాద్యబృందమంతా వెంట నడిచే పెద్ద రచన అది. ఆవిడ కత్తిరింపులకు వాడి పారేసిన కాగితాల వెనక పదకొండేళ్ళు రాస్తూనే ఉన్నాడు. ఈలోగా చెవుల డాక్టరు, ‘ఏడాదిలోగా అమ్మగారికి వినికిడి పూర్తిగా పోవచ్చు’ అన్నాడు. పదకొండేళ్ళు తెమలని పని నాలుగు నెలల్లో పూర్తయింది. ఆవిడ ఒక్కసారి వింటే చాలు.

వాద్యబృందాన్ని నడిపేది ఆవిడ తమ్ముడే. పగలు మందుల షాపులో ఉంటాడు.

“బావా, ఫ్లూటుకి తొమ్మిది పేజీలు ఖాళీ పెట్టావు. అది వాయించే అమ్మాయి వచ్చి ఏం చెయ్యాలి?”

“కూర్చోవాలి. జలపాతం చూడ్డానికొచ్చిన వాళ్ళంతా అందులో దూకుతారా?”

“ఇంతకీ ఇది తన కోసమేనని అక్కకి చెప్పావా?”

“చెప్పడం చేతనైతే ఇన్ని కాగితాలు ఎందుకు ఖరాబు చేస్తానయ్యా.”

ఆ ఆదివారం పొద్దున్నే బడి పియానోకి శ్రుతి పూర్తయింది. అయినా మనసు ఊరుకోక, మొదలయ్యే ముందు మళ్ళీ పట్టీ దూర్చి మధ్య తీగలు సరిచూసుకున్నాడు. అంతలో బావమరిది కోటు వేసుకోమని పిలిచాడు. మేస్త్రి మూత వేసి వెళ్ళాడు. పట్టీ లోపలే ఉండిపోయింది.

మేస్త్రి పియానో ముందు కూర్చుని మొదటి స్వరం కొట్టాడు. పియానో దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టుంది. కారణం చెవి కన్నా ముందు వేళ్ళకి తెలిసింది. కానీ వయొలిన్లు అప్పటికే పరుగందుకున్నాయి, ఆపే వీల్లేదు. ముందు వరసలో ఆవిడ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, పడిపోతుందేమో అన్నంతగా ముందుకు వంగింది. ఆ చెయ్యి చూశాక మేస్త్రికి ఇంకేమీ కనపడలేదు.

తొమ్మిదో పేజీలో వాద్యబృందం ఒక్కటే వాయించే చిన్న సందు ఉంది. మేస్త్రి లేచాడు. పైమూత ఎత్తి, మోచేతి దాకా లోపలికి దూర్చి, పట్టీ కొస పట్టుకుని లాగాడు. అది వస్తోంది, వస్తోంది, ఇంకా వస్తూనే ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు. బావమరిది వాయించిందే మళ్ళీ వాయించమని వయొలిన్లకు సైగ చేశాడు. మేస్త్రి పట్టీని జేబులో కుక్కుకుని కూర్చుని, రెండు చేతులూ మెట్ల మీద వేశాడు. తీగలన్నీ ఒక్కసారిగా పలికాయి. ఆవిడ చెవి దగ్గర చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

అంతా అయ్యాక ఆవిడే దగ్గరికొచ్చింది.

“మొదట్లో ఏవిటండీ ఇంత సన్నగా పెట్టారూ అనుకున్నా. తర్వాత తెలిసింది. కొండ మలుపు తిరిగేదాకా జలపాతం అలాగే ఉంటుంది కదూ, గోడవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు. తిరగ్గానే మీద పడుతుంది. మీరు నా చెయ్యి పట్టుకున్నదీ అక్కడే. అన్నీ గుర్తుపెట్టుకున్నారు.”

మేస్త్రి జేబు మీద చెయ్యి వేసుకుని తలూపాడు. ఆవిడ విన్నది. తను రాసినదానికన్నా బాగా విన్నది. ఆ కృతజ్ఞతకు ఇంకో కంచెర్టో రాసే ఓపిక ఆయనకు లేదు. అందుకని ఇంటికెళ్ళాక తొమ్మిదో పేజీలో, ‘ఇక్కడ లేచి పట్టీ లాగవలెను’ అని ఎర్ర సిరాతో రాసిపెట్టాడు.

ఇదంతా నిజమేనా అని అడిగితే మేస్త్రి చేతిలో పని ఆపడు.

“ఎవరో పనిలేక అల్లారండీ. నాకు స్వరాలు సరిచెయ్యడం వచ్చు గానీ రాయడం రాదు. జలపాతం నేనసలు చూళ్ళేదు. శ్రుతి చేసేవాడు పట్టీ లోపల మర్చిపోతాడా ఎక్కడైనా? ఇహ మా ఆవిడ చెవులకేం, నా కంటే దివ్యంగా ఉన్నాయి.”